ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీతో ఆరేళ్లు: క్వెరీ కుదిరింది, వరుస కుదరలేదు

ఒకే అప్లికేషన్‌ని పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మూడు డేటాబేస్‌ల మీదా నడుపుతున్నాం. ఆరేళ్లుగా క్వెరీలు, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అనే పైథాన్ లైబ్రరీతోనే రాస్తున్నాం. అందులో నాకు ప్రాణమైనది డయలెక్ట్, అంటే ఒకే క్వెరీని ఒక్కో డేటాబేస్ భాషలోకి మార్చే భాగం. పైథాన్‌లో లిమిట్ 20 (మొదటి 20 మాత్రమే) అని ఒకసారి రాస్తే చాలు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి టాప్ 20 అని అదే మార్చి పంపుతుంది. రెండు పేర్లు కలపడానికి ఒకచోట రెండు నిలువు గీతలు, ఒకచోట కాన్‌క్యాట్, ఇంకోచోట ప్లస్. మైఎస్‌క్యూఎల్‌లో ఆ గీతలకి మామూలుగా 'లేదా' అని అర్థం కాబట్టి, చేత్తో రాసిన రోజుల్లో పేరు రావాల్సిన చోట సున్నా వచ్చేది. ఆ టెన్షన్ పూర్తిగా పోయింది.

రెండేళ్ల కిందట ఒక కస్టమర్‌కి పనుల జాబితా స్క్రీన్ ఇచ్చాం. గడువు తేదీ వరుసలో మొదటి 20 పనులు చూపించాలి. మా పోస్ట్‌గ్రెస్‌లో చక్కగా వచ్చింది. వాళ్లది మైఎస్‌క్యూఎల్. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క హెచ్చరిక లేదు. మూడు వారాలకి ఫోన్ వచ్చింది: "గడువు దాటిన పనులు కనిపించట్లేదండీ." తెరిచి చూస్తే మొదటి పేజీ నిండా తేదీ వేయని పనులే. ఆ రోజే పూర్తి చేయాల్సినవి రెండో పేజీలో ఉన్నాయి. ఆ పేజీ ఎవరూ తెరవలేదు.

చిన్న నుంచి పెద్దకి వరుస పెడితే పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ నల్‌లను, అంటే విలువ వేయని ఖాళీలను, చివర పెడతాయి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్ ముందు పెడతాయి. ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఈ నిర్ణయాన్ని డేటాబేస్ చేసేవాళ్లకే వదిలేసింది, కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. అయినా నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఆ నిశ్శబ్దమే. క్వెరీ ఆగిపోయి ఉంటే ఆ రోజే దొరికేది.

వెంటనే లైబ్రరీలో ఉన్న నల్స్ లాస్ట్ (నల్‌లు చివర) పెట్టాను, మిగతాది డయలెక్ట్ చూసుకుంటుందని. అది ఆ మాటని ఉన్నదున్నట్టు పంపేసింది. మైఎస్‌క్యూఎల్‌కి ఆ సింటాక్సే లేదు, ఈసారి ఎర్రర్ వచ్చింది. చివరికి కేస్ అనే షరతుతో సరిచేశాను: తేదీ నల్ అయితే 1, కాకపోతే 0, ముందు దాని వరుస, తర్వాత తేదీ వరుస. మూడింటిలోనూ ఒకటే జవాబు. కాకపోతే అలా రాస్తే తేదీ మీద ఉన్న మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) ఆ సార్టింగ్‌కి అక్కరకు రాదు. మా టేబుల్ లక్ష రికార్డుల లోపే కాబట్టి తేడా తెలియలేదు. కోట్లలో ఉన్నవాళ్లు ముందే కొలిచి చూసుకోండి.

అప్పటి నుంచి, నల్ ఉన్న డేటాతో టెస్టులు మూడు డేటాబేస్‌ల మీదా నడుపుతున్నాం. మాది ముగ్గురి టీమ్, కస్టమర్ ఏ డేటాబేస్ ఇస్తే దాని మీద పనిచేయాలి, అందుకని ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లేకపోతే మాకు గడవదు. ఒకే డేటాబేస్‌తో సరిపోయేవాళ్లకి ఇంత గట్టిగా చెప్పలేను. నేను కూడా పెద్ద రిపోర్టులు మాత్రం ఒక్కో డేటాబేస్‌కి విడిగా, చేత్తోనే రాస్తున్నాను.