ఐడీఈ, ఏహెచ్‌సీఐ, ఇంటెల్ డ్రైవర్: పాత సిస్టమ్‌కి ఏది మేలు?

సిస్టమ్ స్లో అయిందంటే ర్యామ్ పెంచుతారు, విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల మెనూ) సాటా మోడ్, అంటే సిస్టమ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏముందో మాత్రం ఎవరూ చూడరు. అక్కడ ఇంకా ఐడీఈ అని ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి.

ఐడీఈ మోడ్‌లో డిస్క్‌కి ఒకసారికి ఒక్క పనే చెబుతారు, అది అయ్యాకే రెండోది. 2004లో ఇంటెల్ తెచ్చిన ఏహెచ్‌సీఐలో ఒకేసారి 32 పనుల దాకా క్యూలో పెట్టొచ్చు, ఏది ముందు చేస్తే డేటా చదివే తల (హెడ్) తక్కువ తిరుగుతుందో డిస్కే చూసుకుంటుంది. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో ముందెక్కినవాళ్లను ముందు దింపరు కదా, తిప్పర్తి వస్తే తిప్పర్తివాళ్లు, వేములపల్లి వస్తే వేములపల్లివాళ్లు దిగుతారు, ఇదీ అంతే.

లాభం అందరికీ ఒకేలా ఉండదు. రైస్ మిల్లు ఆఫీసులో ఒకే సిస్టమ్‌లో ఉన్న ట్యాలీ డేటాని నలుగురు నాలుగు టేబుళ్ల నుంచి తెరిస్తే అన్నీ చిన్న చిన్న ముక్కలే, అక్కడ ఏహెచ్‌సీఐ తేడా చూపిస్తుంది. దేవరకొండలో ఫొటో స్టూడియో నడిపేవాళ్లు పెళ్లి ఫొటోలు వరసగా కాపీ కొడితే మాత్రం ఏ మోడ్ అయినా దాదాపు ఒకటే. నిమిషానికి 7200 సార్లు తిరిగే (7200 ఆర్పీఎం) డిస్క్‌లో కావాల్సిన చోటు తిరిగొచ్చేదాకా సగటున 4.17 మిల్లీ సెకన్లు ఆగాల్సిందే, ఏ డ్రైవరూ డిస్క్ లోపలి ప్లేటుని ఇంకా స్పీడుగా తిప్పలేదు. నిజంగా స్పీడ్ కావాలంటే తిరిగే ప్లేటే లేని ఎస్‌ఎస్‌డీ వేయండి, పాత 3 గిగాబిట్ సాటా పోర్టులోనైనా సరే, కాకపోతే ఏహెచ్‌సీఐలోనే.

ఇక ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్. రెయిడ్ (కొన్ని డిస్కులు కలిపి ఒక్కటిగా వాడటం) కట్టుకున్నా, ఇంటెల్ ఆప్టేన్ మెమరీ ఉన్నా అది కావాలి. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి వచ్చిన కొన్ని ల్యాప్‌టాపుల్లో వీఎండీ (డిస్కుల్ని ఇంటెల్ డ్రైవర్ చేతికిచ్చే బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే విండోస్ ఎక్కించేటప్పుడు డిస్కే కనపడదు, అప్పుడు ఈ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ చేయాలి. ఇవేవీ లేని మామూలు సిస్టమ్‌కి విండోస్‌తో వచ్చే డ్రైవర్ చాలు, నా ఓటు దానికే. నెట్‌లో దొరికే డ్రైవర్ అప్‌డేటర్ల జోలికి మాత్రం అసలు పోవద్దు.

మోడ్ నేరుగా మార్చేస్తే బూట్ కాకుండా నీలం స్క్రీన్ వచ్చే అవకాశం ఎక్కువ. విండోస్ 10లో ముందు ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ టూల్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టండి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి వచ్చాక ఆ టిక్ తీసేయండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి. రెయిడ్‌లో నిజంగానే రెండు డిస్కులు కలిపి ఉంటే మాత్రం ఆ మోడ్‌ని ముట్టుకోకండి, డేటా పోయే ప్రమాదం ఉంది.

డివైజ్ మేనేజర్‌లో డిస్క్ పాలసీల కింద రెండు టిక్కులుంటాయి. రాయాల్సిన డేటాని ముందు డిస్క్ మెమరీలో పెట్టుకునే రైట్ క్యాషింగ్ అనేది ఆన్‌లో ఉంచండి. దాని కింద బఫర్ ఫ్లషింగ్‌ని (ఆ మెమరీలోది ప్లేటు మీదికి రాయమని విండోస్ చెప్పడం) ఆపేసేది ఉంది చూశారా, స్పీడ్ పెరుగుతుందని వీడియోల్లో తెగ చెబుతుంటారు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయిందంటే డిస్క్ మెమరీలో ఉండి ఇంకా ప్లేటు మీదికి ఎక్కని ఎంట్రీలు పోతాయి, ఒక్కోసారి ఫైలే పాడవుతుంది. నమ్మకమైన యూపీఎస్ లేనిచోట ఆ టిక్ వద్దే వద్దు.

ఇవన్నీ చేసినా మధ్యమధ్యలో సిస్టమ్ కొన్ని సెకన్లు బిగుసుకుపోతుంటే విండోస్ లాగ్‌లు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో 129 నంబర్ వార్నింగ్ (డిస్క్ పలకక విండోస్ దాన్ని రీసెట్ చేసిందని) ఉందేమో చూడండి. ఉంటే పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌కి మార్చి చూడాలి. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో సీ7 దగ్గర ఉన్న సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో పాడైన సార్లు) అంకె రోజురోజుకీ పెరుగుతోందంటే మాత్రం ఎక్కువగా సాటా కేబుల్‌దే తప్పు, డ్రైవర్ల కంటే ముందు దాన్ని మార్చండి. కొత్త కేబుల్ వేసినా ఆ అంకె తగ్గదు, పెరగకుండా ఆగితే చాలు.