ఫోన్‌లో తోడా, పక్కన తోడా: ఊరి ఫెసిలిటేటర్‌కు ఏది మేలు?

వరద తీసిన తరువాత కోనసీమ లంక గ్రామాల్లో పసిపిల్లలకు విరేచనాలు పట్టుకోవడం ఏఎన్ఎంలు ఎరిగిన సంగతే. ఓఆర్ఎస్‌తో పాటు జింకు మాత్ర 10 నుంచి 14 రోజులు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి. మన దేశంలో 14 రోజులు వేయిస్తారు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్న బిడ్డకు అందులో సగం. అయినా మూడోనాటికి విరేచనం కట్టిందంటే తల్లి మాత్ర ఆపేస్తుంది, పదకొండు మాత్రలు మిగిలిన స్ట్రిప్పు గూట్లో పడి ఉంటుంది.

ఆశాలను, ఏఎన్ఎంలను కూర్చోబెట్టి, ఇలాంటి చోట పని ఎందుకు ఆగుతోందో వారి చేతనే చెప్పించి, చిన్న మార్పొకటి చేయించి, నెల తిరిగేసరికి ఫలితం చూసే మనిషే ఫెసిలిటేటర్. మరి ఆ మనిషికి తోడ్పాటు ఎలా అందాలి? జిల్లా కేంద్రంలో శిక్షణ ఇచ్చి ఆపైన నెలనెలా ఫోన్‌లో మాట్లాడడం ఒక పద్ధతి, అనుభవమున్నవారు వచ్చి సమావేశంలో పక్కన కూర్చోవడం రెండోది.

మొదటి పద్ధతికి ఖర్చు తక్కువ, రేవులో పంటు ఆగిపోయిన రోజున కూడా అది నడుస్తుంది. అయితే ఇంగ్లండు, ఐర్లండు, నెదర్లాండ్స్, స్వీడన్‌లలోని 24 వృద్ధాశ్రమాల్లో జరిగిన ఒక అధ్యయనంలో, మూత్రం ఆపుకోలేని వృద్ధుల సంరక్షణ కోసం, కొన్ని ఆశ్రమాల సిబ్బందినే ఫెసిలిటేటర్లుగా తయారుచేసి దూరం నుంచి ఫోన్‌లో తోడ్పడినప్పుడు, మార్గదర్శకాలు మాత్రమే అందుకున్న ఆశ్రమాలతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇక ఎదురుగా కూర్చోవడం సంగతికి వస్తే, వియత్నాంలోని క్వాంగ్ నిన్ రాష్ట్రంలో 2008 నుంచి 2011 వరకు మహిళా సంఘం సభ్యులు, వైద్యం చదవకపోయినా, 44 కమ్యూన్లలో (మన పంచాయతీల వంటివి) ఆరోగ్య సిబ్బందితోనూ ఊరివారితోనూ నెలనెలా ఎదురుగా కూర్చుని నవజాత శిశువుల సమస్యలను చర్చకు పెట్టారు. మొత్తం మూడేళ్ల లెక్కలో మరణాల్లో తేడా తేలలేదు. మూడో ఏట మాత్రం శిశువు మరణించే అవకాశం మిగతా కమ్యూన్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గింది. ఏడాదికే లెక్క చూసి మూసేసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఈ రెండూ ఒకే తూకంలో వేయదగినవి కావు: వ్యాధులు వేరు, దేశాలు వేరు. అయినా డెల్టాకు నా ఎంపిక పక్కన కూర్చునే పద్ధతే, ముఖ్యంగా తొలి ఏడాది. డాక్టరు ఎదురుగా నోరు మెదపని ఆశా, ‘ఆ ఇంట్లో మాత్రల సంగతి అత్తగారి చేతిలో ఉందండీ’ అని ఏఎన్ఎం చెవిలో అనే మాట ఫోన్‌లో వినబడదు. పని కుదురుకున్నాక, వరద నెలల్లో, ఫోన్ సరిపోతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా పీహెచ్‌సీ వైద్యాధికారి ఫెసిలిటేటర్‌కు నెలకో పూట విడుపు ఇవ్వకపోతే, రేవు దాటే ఖర్చు ఎవరిదో ముందే తేల్చకపోతే, రెండో సమావేశమే జరగదు. జరిగితే మాత్రం లెక్కించవలసింది హాజరు పట్టీలోని సంతకాలను కాదు, పదిహేనోనాడు ఎన్ని ఇళ్లలో జింకు స్ట్రిప్పు ఖాళీ అయిందో.