కరెంటు క్యారేజీ కొనొచ్చా? పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తేవాళ్ళ కోసం ఒక రివ్యూ

వేడన్నం తిందామని కరెంటు క్యారేజీ, అంటే ప్లగ్గు పెడితే లోపలి గిన్నెల్లో తిండి వేడెక్కే డబ్బా, కొన్నాను. వేడన్నం దొరికింది, కాదనను. కానీ దానివల్ల ఎక్కువ లాభపడింది మా అమ్మ. ఆ సంగతి అట్టపెట్టె మీద ఎక్కడా రాసి లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఇలాంటి వస్తువు బాగుందా లేదా అన్నది తినేవాళ్ళ టైముల్ని బట్టి ఉంటుంది, అందుకని ముందు నావి చెప్తాను. మా ఇల్లు విశాఖలో గోపాలపట్నం. పని మహారాణిపేటలో, కేజీహెచ్ అనే పెద్ద ప్రభుత్వాసుపత్రి చుట్టుపక్కల ఉన్న బోలెడు ల్యాబుల్లో ఒకదాంట్లో. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళు ఏడింటికల్లా వచ్చి కూర్చుంటారు, అందుకే ఆరు కాకముందే నేను బస్సెక్కాలి. తొమ్మిదిన్నర దాకా సూది, దూది, ట్యూబులు, ఇంతే లోకం. టిఫిన్ తిని రెండు గంటలాగి షుగర్ టెస్టుకి మళ్ళీ రమ్మన్నవాళ్ళు పదకొండు ప్రాంతంలో తిరిగొస్తారు. మాకు కంచం ముందు కూర్చునే తీరిక ఒంటిగంటన్నరకి. మూడింటికి డ్యూటీ దిగాక ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయానికి పోతాను. ల్యాబ్ డిప్లొమా తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో బీకాంలో చేరాను, బ్యాంకు పరీక్షలు రాద్దామని. ఇంట్లో చదువు సాగదు. తమ్ముడిది ఇంటర్ రెండో సంవత్సరం, వాడి టెన్షన్ వాడిది. అమ్మమ్మకి సీరియళ్ళ టైములో ఎవరైనా పుస్తకం తీస్తే అదో అవమానం.

ఈ లెక్కన పొద్దున్న ఇల్లు వదిలితే మళ్ళీ ఇంటి తిండి రాత్రికే. అందుకని అమ్మ నాలుగున్నరకే లేచి కుక్కరు పెట్టి, కూర వండి, తాలింపు వేసి, ఐదున్నరకల్లా క్యారేజీ కట్టేది. పొగలు కక్కుతున్నప్పుడే మూత బిగించేది, ఆ వేడి మధ్యాహ్నం దాకా ఉంటుందని ఆవిడ ఆశ. ఒంటిగంటన్నరకి మూత తీస్తే అన్నం అచ్చులో పోసినట్టు గిన్నె ఆకారంలోనే బయటికొచ్చేది. పైగా మూతకి పట్టిన ఆవిరంతా నీళ్ళై కూరలో కారి ఉండేది.

ఇక్కడ ల్యాబ్‌లో పని చేసే మనిషిగా ఒక మాట చెప్పాలి. వండిన అన్నం చాలాసేపు గోరువెచ్చగా ఉండిపోవడం మంచిది కాదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే విత్తనాల్లా నిద్రలో ఉండే దాని రూపాలు, అన్నం ఉడికినా చావవు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి వదిలేస్తే అవి మొలిచి పెరుగుతాయి. అవి వదిలే ఒకరకం విషం తర్వాత వేడి చేసినా పోదు. అంటే కరెంటు క్యారేజీ చల్లబడిన అన్నాన్ని వేడి చేస్తుంది తప్ప పాడైన అన్నాన్ని బాగు చెయ్యదు. మే నెల విశాఖలో, ఆ ఉక్కలో, ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. నేను ల్యాబ్‌కి చేరగానే గిన్నెలు తీసి పాంట్రీలో స్టాఫ్ ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. రీజెంట్లు (పరీక్షలకి వాడే రసాయనాలు), శాంపిల్స్ ఉండే ఫ్రిజ్‌లో తిండి పెట్టకూడదని మా వృత్తిలో మొదటి రోజే చెప్తారు. మీ ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే ఎండాకాలంలో ఈ డబ్బా మీద పూర్తిగా ఆధారపడొద్దు.

కొనడానికి డబ్బులు బస్సు దగ్గర మిగిలాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కదా, రోజూ రానూపోనూ అయ్యేది పక్కన పెట్టుకుంటూ వచ్చాను. పూర్ణా మార్కెట్ దగ్గర స్టీలు సామాన్ల కొట్టులో 1,150 రూపాయలకి ఇచ్చాడు. కంపెనీ పేరు రాయను. అచ్చం అదే డబ్బా, అవే గిన్నెలు, వేరే వేరే పేర్లతో అదే అరలో ఉన్నాయి.

ఇంటికి తెస్తే అమ్మమ్మ చూసి, "ఓలమ్మో, అన్నం గిన్నెకి కరెంటేటే! గుంటకి షాకు కొడితే ఏటి సేస్తావు?" అని అమ్మ మీద పడింది. నాన్న మాత్రం మాట్లాడకుండా డబ్బా తిరగేసి ప్లగ్గు చూశాడు. ఆయన ఆటోనగర్‌లో లేత్ మీద పని చేస్తాడు, ఇనుముకీ కరెంటుకీ అలవాటైన చెయ్యి. మూడు పిన్నులు ఉండబట్టి సరే అన్నాడు. హీటర్‌కి స్టీలు ఆనుకుని ఉండే వస్తువుకి ఎర్త్ తప్పనిసరి, రెండు పిన్నులదైతే ఇప్పుడే వెనక్కిచ్చి రమ్మనేవాణ్ణి అన్నాడు. మీరు కూడా కొట్టులోనే చూసుకోండి, తక్కువ ధర వాటిలో రెండు పిన్నులవి ఉంటున్నాయి.

డబ్బా రూపం గురించి చెప్పడానికేం లేదు. నీలం ప్లాస్టిక్, లోపల పక్కపక్కనే మూడు స్టీలు గిన్నెలు, కింద హీటర్ పళ్ళెం, పక్కన చిన్న ఎర్ర దీపం.

పని తీరుకి వద్దాం. అరగంటలో వేడెక్కుతుందని అట్ట మీద ఉంది. బయట ఉంచిన తిండికి అది నిజమే. ఫ్రిజ్‌లోంచి తీసి పెడితే ముప్పావుగంట పడుతుంది. అడుగు నుంచి మాత్రమే వేడి వస్తుంది కాబట్టి అన్నం కింద పొగలు వస్తుంటే పైన గోరువెచ్చగా ఉంటుంది. రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, మధ్యలో ఒకసారి కలిపితే అప్పుడే వండినట్టు పొడిపొడిగా విడుతుంది. మూత క్లిప్పులు తీసి వదులుగా పెట్టాలి. బిగించి వేడి చేస్తే ఆవిరికి పోవడానికి దారి ఉండదు, తర్వాత చల్లారాక మూత పీల్చుకుపోయి ఎంత లాగినా రాదు.

ఏ కూర ఎలా వస్తుందో అమ్మా నేనూ కలిసి కనిపెట్టాం. నేను సాయంత్రం వెళ్ళి రిపోర్టు ఇవ్వడం, ఆవిడ మర్నాటికి మార్చడం. పప్పు ఈ డబ్బా కోసమే పుట్టిందా అనిపిస్తుంది, ముఖ్యంగా మెంతికూర పప్పు. కాకపోతే అమ్మ ఇప్పుడు కాస్త పలచగా దించుతోంది, వేడెక్కేసరికి సరిపోతుంది. దప్పళం, కంద బచ్చలి కూర మొదటి పూటకంటే బాగుంటాయి. పనసపొట్టు కూర అడుగున కొంచెం వేగి, ఆ ఆవఘాటు పైకి తేలి, పక్క టేబుల్ వాళ్ళు లేచి వచ్చేలా చేస్తుంది. బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు మాత్రం మెత్తబడి నీరుగారిపోతాయి. వేపుళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు మామూలు డబ్బాలో చల్లగా తినడమే నయం. చపాతీ పెడితే తోలు. ఇడ్లీ తడి గుడ్డలో చుట్టి పెడితే భేషుగ్గా వస్తుంది. మజ్జిగ పులుసు విరిగిపోతుంది, పెట్టకండి. పెరుగన్నానికి విడిగా వేరే డబ్బా ఉండాల్సిందే. చల్ల మిరపకాయలు అమ్మ కాగితంలో పొట్లం కట్టి సంచి పక్క జేబులో వేస్తుంది, గిన్నెలో వేస్తే ఆవిరికి వాటి కరకర పోతుంది.

చేపల పులుసు సంగతి వేరే చెప్పాలి. రుచికి వంక పెట్టలేం, రాత్రిది మధ్యాహ్నానికి పులుసు ముక్కకి పట్టి అద్భుతంగా ఉంటుంది. కానీ వేడెక్కుతున్నంతసేపూ వాసన పాంట్రీ దాటి రిసెప్షన్ దాకా పోయింది. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన "ఏ చేపమ్మా?" అని అడిగాడు. నెత్తళ్ళ ఇగురు అయితే ఇక చెప్పక్కర్లేదు. అప్పటినుంచి నీచు ఆదివారానికే.

మూడు మూతలూ ఒకేలా ఉంటాయి, ఏది పప్పో ఏది కూరో తెలియదు. ల్యాబ్ అలవాటు కొద్దీ ఊదారంగు టేపు పప్పుకి, బూడిదరంగు టేపు కూరకి అంటించాను. మా దగ్గర రక్తం ట్యూబుల్లో ఊదా మూతది రక్తకణాల లెక్కకి, అంటే సీబీసీకి, బూడిద మూతది షుగర్‌కి. పక్కనమ్మాయి చూసి "పప్పుకి సీబీసీ రాశారా డాక్టరు గారు?" అంది.

కరెంటు విషయంలో మా ఇన్‌చార్జి గారు మొదట గొణిగారు. డబ్బా కింద 60 వాట్లు అని ఉంది. ముప్పావుగంటకి 45 వాట్-అవర్లు, నెలకి 26 పనిదినాలకి 1.17 యూనిట్లు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు ఇంకో ఇద్దరు కూడా ఇలాంటివే తెచ్చుకున్నారు. గొడవల్లా ప్లగ్ పాయింట్లకే, పాంట్రీలో ఉన్నవి రెండే.

ఇక మొదట్లో అన్న లాభం. వేడి చేసుకునే దారి దొరికాక కూర పొద్దున్నే వండాల్సిన పని పోయింది. రాత్రి వండినదాంట్లోంచి నా వంతు తీసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది. పొద్దున అన్నం ఒక్కటే. ఐదుంపావుకి లేస్తే చాలు. నేనైతే ఆవిడ ముప్పావుగంట ఎక్కువ నిద్రపోతుందనుకున్నాను. లేదు, అలవాటైన కళ్ళు అదే టైముకి తెరుచుకుంటున్నాయట. ఆ సమయంలో పక్కింటి పిన్నిగారితో నడకకి పోతోంది. తిరిగొచ్చి, కుక్కరు కూత వేసేలోపు గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతుంది. మా అమ్మ పొద్దున కూర్చుని కాఫీ తాగడం నేను ఊహ తెలిశాక చూడలేదు. పొయ్యి దగ్గరే నిలబడి, చల్లారిపోయిన గ్లాసు గుక్కలో మింగేది.

ఫోన్ కూడా మారింది. ఇదివరకు రెండింటికి చేసి "తిన్నావా?" అనేది. ఇప్పుడు పన్నెండున్నరకే "స్విచ్చి వేశావా?" అని వస్తుంది. చేతిలో సిరంజి ఉన్నప్పుడు ఎత్తలేను, అప్పుడు నాన్న నుంచి అదే ప్రశ్న మెసేజ్. నిజం చెప్పాలంటే ఈ డబ్బాకి అలారం లేని లోటు వాళ్ళిద్దరూ తీరుస్తున్నారు.

లోపాలు లేవని కాదు. దానంతటదే ఆగిపోదు, గంట దాటి వదిలేస్తే పప్పు అడుగంటుతుంది. వైరు మరీ పొట్టి, డబ్బా ప్లగ్గు పక్కనే గోడకి ఆనుకుని కూర్చోవాలి. బయటి డబ్బాని నీళ్ళలో ముంచి కడగకూడదు, తడిగుడ్డతో తుడవడమే. తమ్ముడు ఈ కారణం చెప్పి గిన్నెలు కూడా కడగడం మానేద్దామని చూశాడు, అమ్మమ్మ సాగనివ్వలేదు. బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు డబ్బా ఒరిగితే చారు కారుతుంది. గట్టిగా ఉండే కూరలకి ఫరవాలేదు, చారుకి వేరే సీసా పెట్టుకోవడం మేలు. కొన్నాళ్ళకే వైరు ప్లగ్గు దగ్గర వదులైంది. వారంటీ ఉంది కదా అని కొట్టుకి తీసుకెళ్తే, కంపెనీ సర్వీసు సెంటర్‌కి పోండన్నారు. అక్కడ ఫోన్ ఎత్తే నాథుడు లేడు. నాన్నే ఒక ఆదివారం కొత్త వైరు, ఈసారి పొడుగుది, వేసిచ్చాడు. అట్టపెట్టె మీద ఏడాది వారంటీ అని ఉన్నా నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. వైరూ, మూతలూ బాగుంటే నాలుగు దాకా పోయేదాన్ని. ఆఫీసులో మైక్రోవేవ్ ఉన్నవాళ్ళకి ఇది అనవసరం. రోజూ ఊరంతా తిరిగే ఉద్యోగమైతే కూడా వద్దు, ప్లగ్గు దొరకదు. ఒకేచోట కూర్చునే పని, పొద్దున్నే వెళ్ళాల్సిన డ్యూటీ, వండిపెట్టే మనిషి ఇంట్లో నాలుగింటికి లేస్తున్నారు అంటే మాత్రం తీసుకోండి. కొనేటప్పుడే మూతలకి అదనపు రబ్బరు వాషర్లు అడిగి పట్టుకెళ్ళండి. పులుసు వాసన పట్టాక ఎంత తోమినా వదలదు, విడిగా అడిగితే కొట్టులో లేవంటున్నారు.