ఇంటికి 4 కేజీల ఏబీసీ ఎక్స్‌టింగ్విషర్: కర్నూలు ఇళ్లకు కొనదగ్గదేనా?

ఇంట్లోకి ఎక్స్‌టింగ్విషర్ కావాలని ఫైర్ సామాన్ల దుకాణానికి వెళ్తే ముందుగా చేతిలో పెట్టేది 1 కేజీదో, 2 కేజీలదో. తేలిగ్గా ఉంటుంది, ధర కూడా తక్కువ. అయినా 4 కేజీలదే తీసుకోమని మా సలహా. రెండు వేలకు అటూ ఇటూ అవుతుంది గానీ ఆ డబ్బుకు న్యాయం చేస్తుంది.

కారణం సమయం. 2 కేజీల దాంట్లో పొడి ఎనిమిది పది సెకన్లలో అయిపోతుంది, 4 కేజీలది పదమూడు సెకన్ల దాకా వస్తుంది. ఎప్పుడూ వాడని మనిషికి గురి కుదరడానికే మూడు నాలుగు సెకన్లు పోతాయి, కాబట్టి మిగిలే సెకన్లే లెక్క. పైగా 2 కేజీల మోడళ్లలో చాలావాటికి గొట్టం ఉండదు, నాజిల్ నేరుగా తల దగ్గరే ఉంటుంది. గురి మార్చాలంటే సిలిండర్ మొత్తం తిప్పాలి. 4 కేజీలదానికి గొట్టం ఉంటుంది గనక ఒక చేత్తో పిడి నొక్కుతూ ఇంకో చేత్తో కావాల్సిన చోటికి కొట్టొచ్చు. ఇబ్బందల్లా బరువే. నిండుగా ఉన్నప్పుడు ఆరేడు కేజీలు తూగుతుంది. ఇంట్లో అవ్వాతాతలే ఉంటే 2 కేజీలవి రెండు కొని, ఒకటి వంటింటి బయట, ఇంకొకటి పడకగది దగ్గర పెట్టుకోవడం నయం.

లోపల ఉండేది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ పొడి. దాన్ని బయటికి నెట్టడానికి నైట్రోజన్‌ను సుమారు 15 బార్ ఒత్తిడితో నింపుతారు. లేబుల్ మీద ‘మ్యాప్ 50’ అనో ‘మ్యాప్ 90’ అనో ఉంటుంది. అది పొడిలో అసలు మందు ఎంత శాతమో చెప్పే అంకె, దొరికితే 90దే తీసుకోండి. వేడి తగలగానే ఈ పొడి కరిగి, మండుతున్న కట్టె, పరుపు, గుడ్డల మీద పూతలా పట్టుకుని గాలి ఆడకుండా చేస్తుంది. ఏ అంటే ఇలాంటి ఘన వస్తువులు, బి అంటే పెట్రోలు, కిరోసిన్, సి అంటే గ్యాస్. సి అంటే కరెంటు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, మన దేశపు ప్రమాణంలో అది గ్యాస్ మంట.

ఇక దీని అసలు లోటు వంటింట్లోనే బయటపడుతుంది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ చేసుకునే ఊరు మనది. బాణలిలో నూనె అంటుకుంటే చాలామంది ముందు నీళ్ల చెంబు అందుకుంటారు, అంతకన్నా ప్రమాదం లేదు. నీళ్లు నూనె అడుగుకు దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను కప్పు దాకా ఎగజిమ్ముతాయి. ఏబీసీ పొడి కూడా ఇక్కడ సరైన మందు కాదు. దగ్గర నుంచి కొడితే ఆ ఒత్తిడికే నూనె చిందుతుంది. మంట పడిపోయినట్టే కనిపించినా నూనె వేడి 350 డిగ్రీల పైన ఉండటంతో మళ్లీ తనంతట తానే అంటుకుంటుంది, ఎందుకంటే పొడి నూనెను చల్లబరచదు. చేయాల్సిందల్లా స్టవ్ నాబ్ కట్టేయడం, బాణలి కంటే పెద్ద మూతను పక్క నుంచి జరుపుతూ మూసేయడం, అరగంటకు పైగా మూత తీయకపోవడం. మూత లేకపోతే తడిపి గట్టిగా పిండిన మందపాటి నూలు దుప్పటి. నీళ్లు కారుతూ ఉంటే వద్దు. నాబ్ దగ్గరే మంటలుంటే చెయ్యి పెట్టకుండా సిలిండర్ రెగ్యులేటర్ ఆపండి. మండుతున్న బాణలిని మాత్రం ఎత్తి బయటికి తీసుకుపోవద్దు. అందుకే వేపుళ్లు చేసేటప్పుడు సరిపడే మూత అరుగు మీద చేతికందేలా పెట్టుకోవాలి. ఇది ఏ ఎక్స్‌టింగ్విషర్ కన్నా ముందు వరుసలోది.

గ్యాస్ మంటకు పనికొస్తుంది గానీ ఒక షరతు ఉంది. రెగ్యులేటర్ ఆపకుండా మంట ఒక్కటే ఆర్పితే గ్యాస్ కారుతూనే ఉంటుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, బండల మీద పరుచుకుని గడప దాటి పక్క గదిలో దీపాన్నో, ఫ్రిజ్ ఆన్ అయ్యేటప్పుడు దాని రిలే (స్విచ్) దగ్గర వచ్చే నిప్పురవ్వనో వెతుక్కుంటుంది. ఆ తర్వాత వచ్చేది పేలుడే. కాబట్టి చేతికి తడిగుడ్డ చుట్టుకుని ముందు రెగ్యులేటర్ నాబ్ ఆపాలి, అక్కడికి చెయ్యి వెళ్లేంత దారి కోసం పొడి కొట్టాలి. ఆపలేమని తెలిస్తే అందరూ బయటికి వచ్చి 101కు ఫోన్ చేయడమే. మంట లేకుండా వాసన మాత్రమే వస్తుంటే స్విచ్ వేయొద్దు, ఉన్నదాన్ని కట్టేయనూ వద్దు. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు, తలుపులు తెరిచి, బయటికొచ్చాక గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు చెప్పండి.

కరెంటు సామాన్లకు పొడి వాడొచ్చు, అది కరెంటును లాగదు. అయినా ముందు మెయిన్ ఆపాలి. లేదంటే ఆరిన తీగ మళ్లీ నిప్పు పెడుతుంది. ఎండాకాలం కూలర్లు, ఏసీలు రాత్రంతా తిరిగే మన ఇళ్లలో ఎక్కువగా కాలేది ప్లగ్గు, సాకెట్టు కలిసే చోటు. వదులైన స్క్రూ దగ్గర వేడి పుడుతుంది, కరెంటు మాత్రం మామూలుగానే పారుతుంది గనక మితిమీరితే కరెంటును ఆపే ఎంసీబీ స్విచ్ పడదు. సాకెట్టు పసుపెక్కినా, ప్లగ్గు తీస్తే చేతికి కాలినా ఆ రోజే మార్పించండి. ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడి లైను ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకూడదు.

వాడే తీరు తేలికే గానీ క్రమం తప్పకూడదు. పిన్ను లాగేటప్పుడు పిడి నొక్కి పట్టుకోవద్దు, పిన్ను బిగుసుకుపోతుంది. కనీసం రెండు మీటర్ల దూరంలో, తలుపు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. నాలుకలు చాచే పైమంటకు కొడితే పొడి దండగ, మొదలుకు గురిపెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు ఊడ్చినట్టు కొట్టాలి. గదంతా తెల్లగా కమ్మేసి కళ్లు కనపడవు, దగ్గు వస్తుంది. సిలిండర్ ఖాళీ అయినా మంట తగ్గలేదంటే అక్కడ ఇంకో నిమిషం కూడా నిలబడొద్దు, వస్తూ వస్తూ తలుపు మూసేయండి.

పెట్టే చోటు విషయంలో మన ఎండలు లెక్కలోకి తీసుకోవాలి. వాడదగ్గ గరిష్ఠ ఉష్ణోగ్రత 55 డిగ్రీలని లేబుల్ మీద ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద, నిలబెట్టిన కారులో అది దాటిపోవడం పెద్ద విషయం కాదు. పడమటి గోడకూ తగిలించొద్దు. స్టవ్ పక్కన పెడితే మంటలు వచ్చినప్పుడు అందదు. వంటింటి గడప బయట, వీధి తలుపు వైపు దారిలో, పిడి ఛాతీ ఎత్తుకు వచ్చేలా మేకు కొట్టించండి.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఎక్స్‌టింగ్విషర్ల ప్రమాణం నంబరు ఐఎస్ 15683, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది, సిలిండర్ మీది పేరుతో కలవాలి. తయారైన సంవత్సరం పాతదైతే అక్కడే వదిలేయండి. తల మీది ఒత్తిడి మీటరు ముల్లు పచ్చ గీతలో ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే, పొడి ఉన్నట్టు కాదు. దానికి తూకమే సాక్షి. మొత్తం బరువు ఎంతుండాలో లేబుల్ మీద ఉంటుంది, కిరాణా కాటా మీద పెట్టి సరిచూసుకోవచ్చు.

ఎక్కువ మోసం జరిగేది రీఫిల్లింగ్‌లో. గుడ్డతో తుడిచి కొత్త స్టిక్కర్ అతికించి డబ్బులు తీసుకునేవాళ్లు ఉన్నారు. కంప్రెసర్ గాలి పట్టేవాళ్లూ ఉన్నారు, ఆ గాలిలో తేమకు పొడి గడ్డకట్టి నాజిల్ దగ్గర ఆగిపోతుంది. మీ కళ్లెదుటే తల విప్పి, పాత పొడి తీసి, నైట్రోజన్ పట్టమని అడగండి. మూడేళ్లకోసారి సిలిండర్‌కు నీటి ఒత్తిడి పరీక్ష చేయించి తేదీ వేయించుకోవాలి. ఇంకొక మాట. పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కినా చాలు, వాల్వ్ సీటులో పొడి ఇరుక్కుని నెమ్మదిగా ఒత్తిడంతా దిగిపోతుంది. అరసెకను వాడినా రీఫిల్ చేయించాల్సిందే.

వాడాక శుభ్రం చేయడం పెద్ద పనే. పొడికి తడి తగిలితే ఆమ్లగుణంతో ఇనుమును, సర్క్యూట్ బోర్డులను తినేస్తుంది. ముందు పొడిగానే ఊడ్చి, తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో తుడవాలి. టీవీ, కంప్యూటర్లు ఎక్కువగా ఉన్న ఆఫీసు గదికైతే కార్బన్ డయాక్సైడ్‌ది నయం, మరక మిగలదు. తలుపులు మూసిన చిన్న గదిలో మాత్రం ఊపిరి ఆడనివ్వదు.

అరలీటరు స్ప్రే డబ్బాలు, మంటలోకి విసిరే బంతులు ఎక్స్‌టింగ్విషర్‌కు బదులుగా సరిపోవు. ఇంటింటికీ తిరిగి ‘గ్యాస్ కంపెనీ నుంచి వచ్చాం, ఈ సేఫ్టీ పరికరం తప్పనిసరి’ అంటూ రెగ్యులేటర్‌కు, వాల్వుకు మధ్య ఒకటి బిగించేవాళ్లను లోపలికి రానివ్వద్దు. అలా ఏమీ బిగించుకోవాల్సిన పని లేదు. ఆ డబ్బుతో ఏజెన్సీలో ఐఎస్ఐ సురక్షా గొట్టం కొనండి. నారింజ రంగుది, లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది, దాని ఆయుష్షు ఐదేళ్లు, తేదీ గొట్టం మీదే ఉంటుంది.

పాతపేటల్లో దూలాలు, దంతెలు వేసిన మట్టి మిద్దెలు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో నిప్పు కప్పుకు ఎక్కిందంటే ఈ 4 కేజీలది దేనికీ చాలదు. మంట దంతెల సందుల్లో లోపలే పాకుతుంది, పొడి అక్కడికి అందదు, మీద ఉన్న మట్టి ఎప్పుడు కూలుతుందో తెలియదు. అందరినీ బయటికి తెచ్చి, సందు ఇరుకైతే ఫైరింజన్ ఎంతవరకు రాగలదో 101 వాళ్లకు ఫోన్లోనే చెప్పి, సందు మొగలో ఒకరిని నిలబెట్టండి.