ఎలిమినేషన్ డైట్ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి

ఐబీఎస్ (పేగుల పని తీరు తేడాగా ఉండి తరచూ కడుపునొప్పి, ఉబ్బరం వచ్చే సమస్య) ఉన్నవాళ్ళు, గ్యాసు కడుపుబ్బరంతో నానా తిప్పలు పడుతున్నవాళ్ళు, ముఖ్యంగా డాక్టర్ చీటీ మీద "లో ఫాడ్‌మ్యాప్ డైట్" (సరిగ్గా అరగక గ్యాసు పుట్టించే కొన్ని రకాల పిండి, చక్కెర పదార్థాలు ఉన్న తిండిని కొన్నాళ్ళు మానేసే పద్ధతి) అని రాసిస్తే అది పట్టుకుని ఆన్‌లైన్‌లో ప్యాకేజీల కోసం వెతుకుతున్నవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే కంప్లైంట్ నడుస్తోంది, పైగా ఈ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టుకోవడం వీళ్ళకి ఎంతసేపు. వీళ్ళ పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా మీరే గుర్తుపడతారు.

వాళ్ళు అమ్మింది ఏంటంటే, 12 వారాల "గట్ రీసెట్". రెండు పూటలా భోజనం బాక్సులు ఇంటికే వస్తాయి, ఫుడ్ ఇన్‌టాలరెన్స్ బ్లడ్ టెస్ట్ ఫ్రీ, పర్సనల్ కోచ్, వాట్సాప్ గ్రూప్‌లో 24 గంటల సపోర్ట్. 24,999 మొత్తం ముందే కట్టాలి. నిజం చెప్పాలంటే నేను కొన్నది ఆ సపోర్ట్ అనే మాట చూసే. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, పాలు అన్నీ ఒక్కసారే మానేయాలంటే మనలాంటి ఇళ్ళలో మామూలు విషయం కాదు కదా. మా అత్తయ్యగారు మొదటి రోజే "ఉల్లిపాయ వేయకపోతే అది కూరెందుకవుతుందమ్మా" అనేసారు, మా ఆయనేమో "ఒక్క రోటీ తింటే ఏమవుద్ది" టైపు. ఇలా ఇంట్లో ఎవరికీ అర్థం కానప్పుడు మనతో పాటు అదే తిండి తింటున్న నలుగురు ఉంటే బాగుండు అనిపిస్తుంది, ఆ సంగతి ఈ అమ్మేవాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

ముందు ఆ బ్లడ్ టెస్ట్ సంగతి. ఐజీజీ టెస్ట్ అంటారు, 200 పైగా ఆహారాలు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో రంగురంగుల రిపోర్ట్ వస్తుంది, చూడ్డానికి మహా సైంటిఫిక్‌గా ఉంటుంది. నా రిపోర్ట్‌లో ఎరుపులో వచ్చినవి బియ్యం, పెరుగు, గుడ్డు, పెసలు. అంటే నేను రోజూ తినేవన్నీ. ఈ ఐజీజీ యాంటీబాడీ ఆ ఆహారం మన ఒంట్లోకి వెళ్ళిందని మాత్రమే చెబుతుంది, అది పడట్లేదని చెప్పదు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే, కెనడా సంఘం 2012లో దీన్ని ఫుడ్ ఇన్‌టాలరెన్స్ తేల్చడానికి వాడొద్దని స్పష్టంగా చెప్పాయి. మా గ్యాస్ట్రో డాక్టర్‌గారికి చూపిస్తే నవ్వి పక్కన పెట్టేసారు. లో ఫాడ్‌మ్యాప్‌లో నడిచే అన్నాన్ని కూడా ఆ కోచ్ మాన్పించబోయింది, నేను వినలేదు కాబట్టి సరిపోయింది గానీ గ్రూప్‌లో అన్నం కూడా మానేసి నీరసంతో కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. డబ్బు కట్టిన రోజు నుంచే "గోధుమ పూర్తిగా బంద్" అంటారు, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) టెస్ట్ చేయించారా అని ఒక్కళ్ళని కూడా అడగరు. టీటీజీ ఐజీఏ అని మామూలు రక్త పరీక్ష, అది గోధుమ తింటున్నప్పుడే చేయించాలి, మానేసి కొన్నాళ్ళయ్యాక చేయిస్తే జబ్బు ఉన్నా నెగటివ్ రావచ్చు. నాకు డాక్టర్ ముందే చేయించారు. మీరు ఏ డైట్ మొదలుపెట్టినా సరే, గోధుమ తీసేసే ముందు ఈ టెస్ట్ గురించి డాక్టర్‌ని అడగండి ప్లీజ్.

ఇక బాక్సులు. మొదట్లో బానే ఉన్నాయి, అన్నం, క్యారెట్ ఫ్రై, వంకాయ కూర అలా. తర్వాత ఒకరోజు రసం వచ్చింది, ట్రాన్స్‌పరెంట్ డబ్బాలో. గరిటె పెట్టి కలిపితే అడుగున దంచిన వెల్లుల్లి ముక్కలు, పైన ఒక రెబ్బ పొట్టు తేలుతూ ఉంది. ఫొటో తీసి కోచ్‌కి పెడితే వచ్చిన రిప్లై ఇది: "మేడమ్, అది ఫ్లేవర్ కోసమే, వడకట్టేసాం, తినకండి పక్కన పెట్టండి చాలు." ఈ ఒక్క మాటతో వాళ్ళకి ఆ డైట్‌లో ఓనమాలు కూడా రావని తెలిసిపోయింది. వెల్లుల్లిలో మనకి పడనివి ఫ్రక్టాన్లు, అంటే అరగని ఒక రకం పిండిపదార్థం, అవి నీళ్ళలో కరుగుతాయి, రసంలో మరిగించాక ముక్కలు తీసేస్తే ఏం లాభం, అంతా చారులోకే దిగిపోయి ఉంటుంది. నూనెలో మాత్రం కరగవు, అందుకే నూనెలో వెల్లుల్లి వేయించి, ముక్కలు ఏరేసి, ఆ నూనె పోపుకి వాడుకోవచ్చు, వాసన మొత్తం వచ్చేస్తుంది (ఆ నూనె ఎప్పటికప్పుడు చేసుకోవాలి, బయట నిలవ పెడితే డేంజర్, బోట్యులిజం అనే జబ్బు తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంది). ఈ తేడా తెలియనివాళ్ళు వంట చేసి పంపిస్తున్నారు, మనం నమ్మి తిని, మళ్ళీ కడుపు ఉబ్బితే "అయ్యో నాకు అన్నం కూడా పడట్లేదేమో" అని ఇంకోటి మానేస్తాం.

డబ్బా మీద స్టిక్కర్ చూస్తే "మసాలాలు" అని ఒక్క ముక్క. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రూల్స్‌లో తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల లిస్టులో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేపలు, వేరుశనగ, సోయా లాంటివి ఉన్నాయి గానీ ఉల్లి వెల్లుల్లి లేవు, కాబట్టి కొనేటప్పుడు మనమే నోరు తెరిచి అడగాలి, జవాబు మెసేజ్‌లో తీసుకోవాలి. అలాగే ఇంగువ. చాలా బ్రాండ్ల కలిపిన ఇంగువలో మైదా ఉంటుంది, వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది చూడండి. ఉల్లి లేదు కదా అని కాస్త ఎక్కువే వేస్తాం దాన్ని.

నాకు బాగా కాలింది మాత్రం ఫైబర్ సాచెట్ దగ్గర. విరేచనం సాఫీగా అవుతుందని రోజుకి రెండు సాచెట్లు, నెలకి 1,800 ఎక్స్‌ట్రా. అది మొదలుపెట్టినప్పటి నుంచి కడుపు డోలులా తయారైంది. అడిగితే "డిటాక్స్ అవుతోంది మేడమ్, మంచి సైన్" అన్నారు. సాచెట్ వెనక్కి తిప్పి చూస్తే చికోరీ రూట్ ఇన్యులిన్. ఇన్యులిన్ కూడా ఫ్రక్టానే! ఉల్లిపాయలో ఏది ఉందని మాన్పించారో దాన్నే పొడి చేసి ప్యాకెట్‌లో పెట్టి మనకే అమ్ముతున్నారు. ఇది గ్రూప్‌లో పెట్టాను. పది నిమిషాల్లో మెసేజ్ డిలీట్ అయింది, తర్వాత గ్రూప్‌లో అడ్మిన్స్ తప్ప ఎవరూ రాయకుండా లాక్ చేసేసారు. 24 గంటల సపోర్ట్ అంటే అదన్నమాట. అదే గ్రూప్‌లో షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునే ఒక పెద్దాయన చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి అని రాస్తే దానికీ "డిటాక్స్" అనే అన్నారు, నాకు గుండె ఆగినంత పనైంది, ఆయనకి విడిగా మెసేజ్ చేసి ముందు షుగర్ చెక్ చేసుకోండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి అని చెప్పాను. తిండి తగ్గించి ఇన్సులిన్ డోస్ అలాగే ఉంచితే షుగర్ పడిపోతుంది, షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా ఇలాంటివి అస్సలు మొదలుపెట్టొద్దు.

అసలు మోసం చివర్లో బయటపడింది. ఈ డైట్‌ని తయారుచేసిన మెల్‌బోర్న్ మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు చెప్పేది ఏంటంటే, అన్నీ మానేసే దశ 2 నుంచి 6 వారాలే, ఆ తర్వాత ఒక్కోటీ తిరిగి తిని చూసి ఏది ఎంత మోతాదులో పడుతుందో తేల్చుకోవాలి, చివరికి పడనివి మాత్రమే తగ్గించుకుని మిగతావన్నీ తినాలి. ఎక్కువ కాలం అన్నీ మానేస్తే పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా కూడా తగ్గుతుంది. నేను ఆరో వారం దాటాక "ఇక పాలు, గోధుమ తిరిగి ట్రై చేయడం ఎప్పుడు" అని అడిగితే, అది "లెవెల్ 2" అంట, ఇంకో 15,000 అంట. 12 వారాలూ మానేయడమే ప్యాకేజీ! మనం తిరిగి మామూలు తిండికి వచ్చేస్తే వాళ్ళ బాక్సులు ఎవరు కొంటారు మరి. మీరు ఏ ప్యాకేజీ చూస్తున్నా ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి, తిరిగి తినే దశ ఏ వారంలో మొదలవుతుంది, అది ఇదే డబ్బులో ఉందా అని. నీళ్ళు నమిలితే అక్కడే ఆపేయండి.

కోచ్ చదువు కూడా అడగండి. న్యూట్రిషనిస్ట్ అని ఎవరైనా పెట్టేసుకుంటున్నారు, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే రిజిస్టర్డ్ డైటీషియన్ అంటే పరీక్ష రాసి పాసైనవాళ్ళు. నేను ఇప్పుడు హాస్పిటల్‌లో పనిచేసే డైటీషియన్ దగ్గరికి వెళ్తున్నా, ఒక్కో సిట్టింగ్‌కి కట్టే ఫీజు ఆ ప్యాకేజీ ముందు లెక్కే కాదు. ఆవిడ మొదటి రోజే మా అత్తయ్యగారిని కూడా రమ్మన్నారు, అదీ సపోర్ట్ అంటే. ఆవిడ "కార్తీకమాసం వంట లాగానే అనుకోండి అమ్మా, కాకపోతే కందిపప్పు, మామూలు ఇంగువ కూడా ఉండకూడదు" అనేసరికి అత్తయ్యగారికి టక్కున అర్థమైపోయింది, నేను వారాల తరబడి చెప్పినా ఎక్కనిది.

ఇప్పుడు ఇంట్లో పోపుకి వెల్లుల్లి నూనె, ఉల్లికి బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం మాత్రమే (కింద తెల్లగా ఉండే గడ్డ భాగం వేయకూడదు), ల్యాక్టోజ్ ఫ్రీ పాలతో తోడుపెట్టిన పెరుగు. పెసరపప్పు కొద్ది మోతాదులో నడుస్తుంది. ప్రయాణం అంటే నిమ్మకాయ పులిహోర, జీడిపప్పు, శెనగపప్పు లేకుండా పల్లీలు మాత్రం వేసి. పెళ్ళిళ్ళకి ముందే ఇంట్లో తినేసి వెళ్తున్నా, అక్కడ తెల్లన్నం, ఆలూ చిప్స్‌తో కానిచ్చేస్తా, మసాలా చల్లినవి కాకుండా సాదావి. బ్యాగ్‌లో ఎప్పుడూ వేయించిన పల్లీలు, మరీ మాగని అరటిపండు ఉంటాయి, ఆకలి మీద ఉన్నప్పుడే కదా ఏదో ఒకటి తినేసేది.

డబ్బు సంగతి. ఆపేస్తాను, రిఫండ్ ఇవ్వండి అంటే "ప్యాకేజీ యాక్టివేట్ అయింది, నాన్ రిఫండబుల్" అని, కావాలంటే వ్యాలెట్ క్రెడిట్ ఇస్తామని. క్రెడిట్ ఒప్పుకోకండి, వాళ్ళ దగ్గరే మళ్ళీ ఖర్చుపెట్టాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి గ్రీవెన్స్ ఆఫీసర్ (కంప్లైంట్లు చూసే మనిషి) ఉండాలి, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం కంప్లైంట్ అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. వీళ్ళ సైట్‌లో ఆ పేరే లేదు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించాను, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్, 5 లక్షల లోపు విషయాలకి ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. బాక్స్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంటుంది, వాళ్ళ లైసెన్సుల సైట్ ఫాస్కాస్‌లో కొట్టి చూడండి, నాకు వచ్చిన నంబర్ వేరే ఊళ్ళో వేరే పేరు మీద ఉంది.

హెల్ప్‌లైన్ కంప్లైంట్ వెళ్ళాక వాళ్ళే ఫోన్ చేసి, సగం ఇస్తాం, రాసిన రివ్యూలు తీసేయండి అన్నారు. మెయిల్‌లో రాసి పంపమన్నాను, ఇంకా రాలేదు. తేలాక ఏమైందో రాస్తా. ఈలోగా ఆ గ్రూప్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చూస్తుంటే ముందు ఆ సాచెట్ ఆపండి, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, కోచ్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, బాక్సుల స్టిక్కర్లు పారేయొద్దు.