‘రోడ్ లీగల్’ గుర్తు గోటితో గీకితే ఊడొచ్చింది: సైలెన్సర్ కొనేవాళ్లూ, జాగ్రత్త

ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను, వరుస తప్పితే సర్దుకోండి. బైక్‌కి స్లిప్-ఆన్ సైలెన్సర్ (కంపెనీది తీసేసి దాని చోట తొడిగేది) కొన్నాను. ఎవరి దగ్గరో పేరు రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఆ వీడియోలు, ఆ ‘హండ్రెడ్ పర్సెంట్ రోడ్ లీగల్, టెన్షన్ లేకుండా తిరగండి’ డైలాగు విన్నవాళ్లకు ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది. డబ్బు పడే దాకా ‘అన్నా, అన్నా’ అంటూ అర్ధరాత్రి కూడా మెసేజ్‌లు పెట్టిన మనిషి, ఇప్పుడు ఫోన్ చేస్తే ‘హలో, ఎవరు?’ అంటున్నాడు.

నేను అడిగినవి రెండే. అప్రూవల్ ఉందా? తనిఖీలో పాసవుతుందా? వీధంతా అదిరిపోవాలని నాకేం లేదు. కంపెనీ సైలెన్సర్ బరువు ఎక్కువ, అది తగ్గి సౌండ్‌లో కాస్త బేస్ వస్తే చాలనుకున్నాను. అంత పెద్ద కోరిక కోరానన్నమాట! దానికి అతను సైలెన్సర్‌ని దగ్గర నుంచి తీసిన ఫొటో పంపాడు. గుండ్రటి గీత మధ్యలో ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం, పక్కన అంకెలు, స్టీలు మీద చెక్కినట్టే ఉన్నాయి. ‘చూశావా అన్నా, యూరప్ మార్క్’ అన్నాడు. చూశాను. ఫొటోని జూమ్ చేసి మరీ చూశాను, ఏదో పెద్ద నిపుణుడిలాగా.

వచ్చింది, బిగించాను, స్టార్ట్ చేశాను. చెప్పినదానికంటే సౌండ్ గట్టిగానే ఉంది. అడిగితే ‘కొత్తది కదా అన్నా, నాలుగు రోజులు తిరిగితే సెట్ అవుతుంది’ అన్నాడు. సెట్ అవడమా! ఈ రకం సైలెన్సర్లలో చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ వూల్ లాంటిది కుక్కి ఉంటుంది. శబ్దాన్ని పీల్చుకునేది అదే. వాడేకొద్దీ అది వేడికి మాడి, పొగతో పాటు కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. అంటే రోజులు గడిచేకొద్దీ సౌండ్ పెరుగుతుందే తప్ప తగ్గదు. కొత్తగా ఉన్నప్పుడు అంచు మీద పాసైనది కూడా తర్వాత ఫెయిలవ్వచ్చు. నాదైతే కొత్తగా ఉన్నప్పుడే ఫెయిలైంది, ఆ మేరకు టైమ్ కలిసొచ్చింది.

తనిఖీ రోజు సంగతి. తనిఖీ చేసే ఆయన సౌండ్ మీటర్ తీయకముందే వంగి, టార్చ్ వేసి ఆ గుర్తు చూశారు. బొటనవేలితో ఒకసారి రుద్దారు. తర్వాత గోరు పెట్టి గీకారు. ఒక మూల లేచింది. అది చెక్కింది కాదు, మెటల్ రంగులో ఉన్న పల్చటి స్టిక్కర్! మెల్లగా లాగితే ‘ఈ’తో పాటు అంకెలన్నీ పొరలా ఊడొచ్చి ఆయన వేలికి అంటుకున్నాయి. కింద నున్నటి స్టీలు, ఏమీ లేదు. ఆయన నా వైపు చూసిన చూపుంది చూడండి, ఆ స్టిక్కర్ నేనే ప్రింట్ తీసి అంటించుకొచ్చానన్నట్టు. తిట్టి ఉంటే బాగుండేది.

అసలు గుర్తు ఎలా ఉండాలో అక్కడే తెలుసుకున్నాను, మీరు నాకంటే ముందే తెలుసుకోండి. విడిగా అమ్మే సైలెన్సర్లకు యూఎన్ రెగ్యులేషన్ 92 అని ఒకటుంది. దాని కింద అప్రూవల్ వచ్చినదాని మీద గుండ్రటి గీతలో ‘ఈ’, దాని పక్కన అప్రూవల్ ఇచ్చిన దేశం నంబర్ ఉంటాయి. 1 అంటే జర్మనీ, 3 ఇటలీ, 11 బ్రిటన్. దగ్గర్లోనే రెగ్యులేషన్ నంబర్, ‘ఆర్’ అక్షరం, అప్రూవల్ నంబర్ కనిపించాలి. ఇవన్నీ చెరిగిపోని విధంగా ఉండాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ అప్రూవల్ ఫలానా బైక్ మోడళ్లకు అని ఇస్తారు. ఒక మోడల్ మీద పాసైన సైలెన్సర్ వేరే ఇంజిన్ మీద ఎంత అరుస్తుందో ఎవరికి తెలుసు? కాబట్టి ‘యూనివర్సల్, ఏ బండికైనా సరిపోతుంది, అప్రూవ్డ్ కూడా’ అని ఒకే వాక్యంలో ఎవరైనా అంటే ఆ వాక్యమే అబద్ధం. నాకు అమ్మినవాడి ప్రకటనలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆ తర్వాత మీటర్ పెట్టారు. పొగ గొట్టం చివర నుంచి అర మీటరు దూరంలో, గొట్టం వైపుకి 45 డిగ్రీల కోణంలో మైక్. ఫుల్ పవర్ ఎంత ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో అందులో సగం దగ్గర ఇంజిన్‌ని నిలకడగా పట్టుకుని, ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేయాలి. (ఫుల్ పవర్ 5,000 ఆర్‌పీఎం లోపే వచ్చే ఇంజిన్లకు సగం కాదు, ముప్పావు.) ఆ మధ్యలో వచ్చిన గరిష్ఠ అంకెను రాసుకుంటారు. నా బండి ఛాసిస్ మీద చిన్న ప్లేట్ ఉంది, దాని మీద కంపెనీ రాసిన శబ్దం అంకె 91 డెసిబెల్స్. మీటర్‌లో వచ్చింది 102. పదకొండే కదా అనిపిస్తుంది. డెసిబెల్స్‌లో 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు, చెవికి సుమారుగా రెట్టింపు. ఆయన మీటర్‌ని నా వైపు తిప్పి చూపించి, ‘ఇది తీసేసి రండి’ అన్నారు. అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. బయటికొచ్చి అతనికి ఫోన్ చేశాను. ముందు ‘మీ మీటర్ తప్పు’ అన్నాడు. మీటర్ నాది కాదయ్యా, తనిఖీ వాళ్లది! వెంటనే మాట మార్చి, ‘మా దానికి ల్యాబ్ రిపోర్ట్ ఉంది, 80 లోపే’ అన్నాడు. ఎంత దూరంలో పెట్టి కొలిచారు, ఎంత ఆర్‌పీఎం దగ్గర అని అడిగాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత, ‘ఐడిల్‌లో’.

ఐడిల్‌లో! అంటే యాక్సిలరేటర్ ముట్టుకోకుండా బండి ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు. చాలామంది పడిపోయేది సరిగ్గా ఇక్కడే, అందుకే ఒక్క నిమిషం ఆగుతాను. ఆ 80 అనే అంకె అతను ఊరికే పుట్టించింది కాదు. అమెరికాలో 1986 నుంచి తయారయ్యే రోడ్డు బైకులకు పరిమితి 80 డెసిబెల్స్. భారత్‌లో 175 సీసీ దాటిన టూవీలర్లకు తయారీ దశలో అదే 80. యూరప్‌లో కూడా ఒకప్పుడు పెద్ద బైకులకు 80 ఉండేది, ఇప్పుడు బండి బరువుకి తగ్గ పవర్‌ని బట్టి 73, 74, 77 అని మూడు తరగతులు. కానీ ఇవన్నీ బండి కదులుతూ, వేగం పెంచుతూ మైక్ ముందు నుంచి వెళ్లినప్పుడు కొలిచేవి. యూరప్ పద్ధతిలో మైక్ 7.5 మీటర్ల దూరంలో ఉంటుంది, అమెరికా పద్ధతిలో 15 మీటర్లు. ఆరుబయట దూరం రెట్టింపైతేనే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గిపోతాయి. అంటే యూరప్ 80, అమెరికా 80 కూడా ఒకటి కాదు. నిలబెట్టి అర మీటరులో కొలిచే అంకెకు వీటితో అసలు పోలికే లేదు. దూరం, ఆర్‌పీఎం చెప్పకుండా ‘80 డెసిబెల్స్ మాత్రమే’ అని రాస్తే అది ఏమీ రాయనట్టే.

మళ్లీ ఫోన్ దగ్గరికి. ఇదంతా నేను గొంతు పెంచి చెబుతుంటే అతను మధ్యలో ఆపి అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘ఇన్‌స్పెక్షన్ రోజు పాత సైలెన్సర్ బిగించుకుని వెళ్లాలండి. అందరూ అదే చేస్తారు. ఇది కూడా నేనే చెప్పాలా?’ వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు తెలిసింది, స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడని. షాపంతా వింటోంది. రోడ్ లీగల్ అని అమ్మినవాడే, దాన్ని తనిఖీకి తీసుకెళ్లినందుకు నన్ను వెర్రివాడిని చేసి నవ్విస్తున్నాడు. డబ్బు పోయినదానికంటే ఆ నవ్వే ఎక్కువ గుచ్చుతోంది, ఇప్పటికీ.

వెనక్కి పంపిస్తానంటే కుదరదట. ‘పైపు నీలం తిరిగింది, అంటే స్టార్ట్ చేశారు, వాడిన సరుకు తీసుకోం.’ స్టెయిన్‌లెస్ స్టీలు వేడెక్కితే రంగు తిరగదా? సౌండ్ ఎంతో తెలియాలంటే స్టార్ట్ చేయాలి. స్టార్ట్ చేస్తే రిటర్న్ పోయింది. ఎంత చక్కగా అల్లారో చూడండి. ఆ రూల్ రాసినవాడికి సరుకు సంగతి ముందే తెలుసు.

‘మరి డీబీ కిల్లర్ (సౌండ్ తగ్గించడానికి సైలెన్సర్ చివర లోపల పెట్టే చిన్న గొట్టం) వేసుకోకపోయావా’ అని నన్నే అడుగుతున్నారు కొందరు. వేసే ఉంది. విప్పి చూశాను. గుప్పెడంత గొట్టం, నాలుగు చిల్లులు, పట్టి ఉంచేది ఒక్క బోల్టు. లోపల వెల్డింగ్ చుక్క విరిగి గలగలమంటోంది. ఇది పేరుకే కిల్లర్, దేన్నీ చంపదు. కొందరు ఆ బోల్టుని జేబులో వేసుకుని తిరుగుతారు, చెకింగ్ కనిపిస్తే పక్కకి ఆపి బిగిస్తారు. కొందరు స్టీల్ వూల్ కుక్కుతారు, రెండు గట్టి రెయిజులకి అది రోడ్డు మీద పడుతుంది. కొందరు ఫోన్ యాప్‌తో కొలుచుకుని ‘మనది 94, ఓకే’ అనుకుంటారు. ఫోన్ మైక్ మనిషి మాటల కోసం పెట్టింది. అంత గట్టి శబ్దం దగ్గర అది చూపించే అంకెని నేనైతే నమ్మను. చెకింగ్ కనిపించగానే గేరు పెంచి ఆర్‌పీఎం తగ్గించేసి సాధువులా వెళ్లిపోయేవాళ్లు సరేసరి. ఎవరి తిప్పలు వాళ్లవి, నేను తీర్పు చెప్పను. కానీ ఇవన్నీ, బండి సౌండ్ ఎక్కువని తెలిసే పెట్టుకున్నవాళ్లు పడే తిప్పలు. లీగల్ అని నమ్మి కొన్నవాడికి ఈ విద్యలన్నీ ఎందుకు?

ఇలాంటి సరుకు దెబ్బ మామూలు బండ్ల మీద కూడా పడుతోంది. ఆస్ట్రియాలోని టైరోల్‌లో 2020లో కొన్ని కొండ రోడ్ల మీదికి, బండి పేపర్లలో రాసి ఉన్న, బండి నిలబెట్టి కొలిచిన శబ్దం 95 డెసిబెల్స్ దాటిన మోటార్‌సైకిళ్లను రానివ్వం అన్నారు. అక్కడ చూసేది మీటర్ కాదు, పేపర్ మీద అంకె. అంటే షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న బండి కూడా, పేపర్‌లో 96 ఉంటే ఆగిపోయింది. గోల చేసింది ఒకరు, ఆగింది ఇంకొకరు.

మీరు ఎలాగూ కొంటారు కాబట్టి ఒకటి రెండు మాటలు. అప్రూవల్ నంబర్, అది మీ మోడల్‌కేనన్న సంగతి మెసేజ్‌లో రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. పార్సిల్ విప్పుతున్నప్పుడే వీడియో తీయండి, ఆ గుర్తుని గోటితో గీకండి, ఊడొస్తే అక్కడే ఆగిపోండి, బిగించకండి, ముఖ్యంగా స్టార్ట్ చేయకండి. పాత సైలెన్సర్‌ని మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. నాది అటక మీద ఉండబట్టి బతికిపోయాను.

ఈ గొడవంతా పక్కనుండి చూసి కూడా ఇద్దరు ఫ్రెండ్స్ ‘ఎంతకిస్తావ్ మరి?’ అని అడిగారు. ఇవ్వను. కోసి పాత ఇనుముకి వేయాలనే ఉంది, ఫిర్యాదు తేలే దాకా అదొక్కటే సాక్ష్యం కాబట్టి ఆగాను. స్టిక్కర్‌ని కూడా తెల్ల కాగితానికి అంటించి దాచాను.