కొత్తవాడ జంపఖానా: నాలుగేళ్లు దాటాక రాస్తున్న మాట

మా హాల్లో పరిచి ఉన్న నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు జంపఖానాను 2020 జూన్‌లో వరంగల్ కొత్తవాడలో కొన్నాను. నేసిన పెద్దాయన తన ఇంట్లోనే, మగ్గం పక్కనే అమ్ముతారు. బోర్డు ఏమీ ఉండదు.

ముందు సరుకు సంగతి. అంతా నూలే. రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, ఒకవైపు మాసితే తిప్పి పరుస్తాం. పిల్లలు దాని మీదే తిని, చదివి, పడుకున్నారు. అయినా అంచు దగ్గర ఒక్క పోగు ఊడలేదు, మూలలు వంకర తిరగలేదు. ఒక్క లోపం ఉంది. మొదటి ఉతుకులో ఎరుపు దిగి, పక్కనున్న తెల్ల చారకు గులాబీ మరక అంటింది. అది ఇప్పటికీ పోలేదు. మొదటిసారి విడిగా చన్నీళ్లలో నానబెట్టాలని ముందే చెప్పి ఉంటే బాగుండేది. తడిస్తే బాగా బరువెక్కుతుంది, పిండడానికి ఇద్దరు కావాలి.

నేను వెళ్లిన రోజు గోడ పొడవునా నేసిన జంపఖానాలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చిన సరుకు అది. కొనేవాళ్లు లేక దుమ్ము పడుతోంది. కరోనా వల్ల మార్చిలో బడులు, హాస్టళ్లు మూసేశారు కదా, ఆ ఆర్డర్లు ఆగిపోయాయట. "రెండు నెలలు మగ్గం చప్పుడు లేదు బిడ్డా, రాత్రిళ్లు నిద్ర పట్టలే" అన్నారు.

రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు అందాయి. తిండికి ఇబ్బంది పడలేదన్నారు. టెన్షన్ అంతా నూలు బాకీదే. అప్పట్లో మారటోరియం, అంటే కొన్ని నెలలు కిస్తీలు కట్టకుండా ఆగొచ్చని, టీవీలో రోజూ చెప్పేవారు. అది బ్యాంకు అప్పులకు. నూలు ఉద్దెరకు ఇచ్చిన షావుకారు దగ్గర అలాంటిదేమీ లేదు. చేతిపని మీద బతికే ఇళ్లను లాక్‌డౌన్ ఎక్కడ దెబ్బ కొట్టిందో నాకు ఆ గోడ పక్కన నిలబడ్డాకే అర్థమైంది.

ఇంకో మాట ఇప్పటికీ బాధ పెడుతుంది. నూలు దుమ్ముకు ఆయనకు ఏళ్లుగా దగ్గు. ఆ రోజుల్లో దగ్గు వినపడితే చాలు, వాడకట్టు తలుపులు వేసుకునేది. ఇంటింటి సర్వేకు వచ్చిన ఆశా వర్కర్ మాత్రం గడపలో నిలబడి జ్వరం చూసి, వివరాలన్నీ అడిగి రాసుకుని, పక్కింటివాళ్లకు నచ్చజెప్పిందట. ఆ అమ్మాయి గురించి చెప్తుంటే ఆయన గొంతు మారింది.

ధర నేను బేరం చేయలేదు. మీరూ చేయొద్దని అడుగుతున్నా. పడుగు (నిలువు పోగులు) సరిచేసి, పేక (అడ్డం పోగులు) ఒక్కో వరుసా కొట్టి బిగించడం కాసేపు కూర్చుని చూస్తే అడగబుద్ధి కాదు.

మొన్న మళ్లీ వెళ్లాను. అప్పుడున్న రెండు మగ్గాల్లో ఇప్పుడు ఒకటే నడుస్తోంది. కొడుకు 2021 మే లాక్‌డౌన్‌లో, పొద్దున పది వరకే కొట్లు తెరిచి ఉన్న రోజుల్లో, కూరగాయల బండి పెట్టుకున్నాడు, మళ్లీ మగ్గం ఎక్కలేదు. పెద్దాయన చేతిపనిలో మాత్రం తేడా లేదు. ఈసారి ఎరుపు పక్కన తెలుపు వద్దని చెప్పి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. పదిహేను రోజులకు రమ్మన్నారు.